క్లచ్చు వదలకపోతే ప్లేట్లదేనా తప్పు?

లివరు పూర్తిగా నొక్కి మొదటి గేరు వేయగానే బండి టక్కుమని ముందుకు దూకడం, ఆగిన చోట న్యూట్రల్ పడక కాలితో పైకీ కిందికీ తంటాలు పడవలసి రావడం, లివరు చేతిలోనే ఉన్నా బండి మెల్లగా ముందుకు పాకడం. ఈ మూడింటిలో ఏది కనిపించినా నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా మెకానిక్ షెడ్డులో వినిపించే తీర్పు దాదాపు ఒక్కటే: క్లచ్చు పట్టేసింది, ప్లేట్లు మార్చాలి. ఈ తీర్పులో మొదటి సగం నిజం. రెండో సగం మాత్రం చాలాసార్లు తొందరపాటు. ప్లేట్లు అరిగిన క్లచ్చు జారుతుంది, అంటే ఇంజిన్ అరుస్తున్నా బండి వేగం అందుకోదు. వదలకపోవడం, అంటే లివరు నొక్కినా ఇంజిన్‌కూ చక్రానికీ మధ్య లంకె పూర్తిగా తెగకపోవడం, దానికి సరిగ్గా ఎదురు జబ్బు. అరుగుదలకు వేసే మందు దీనికి పనిచేయకపోతే ఆశ్చర్యపడవలసింది లేదు. కొత్త ప్లేట్లు వేయించుకున్న కొద్ది రోజులకే అదే బండి అదే ఫిర్యాదుతో తిరిగి రావడానికి కారణం ఇక్కడే ఉంది.

హీరో 2011లో తెచ్చిన ఇంపల్స్, రాయల్ ఎన్‌ఫీల్డ్ 2016లో తెచ్చిన హిమాలయన్, 2019లో వచ్చిన ఎక్స్‌పల్స్ 200 వంటి బళ్ళన్నిటిలోనూ ఉండేది ఆయిల్‌లో తడుస్తూ తిరిగే బహుళ ప్లేట్ల క్లచ్చు. ఇంజిన్ తిప్పే డబ్బాలాంటి భాగం క్లచ్ బాస్కెట్. షెడ్లలో దీన్ని హౌసింగ్ అని కూడా అంటారు. దాని గోడ పొడవునా చీలికలుంటాయి. ఫైబర్ ప్లేట్ల అంచున ఉండే చెవులు ఆ చీలికల్లో కూర్చుంటాయి. మధ్యలో గేరుబాక్సు షాఫ్టు మీద హబ్ ఉంటుంది. స్టీల్ ప్లేట్ల లోపలి పళ్ళు ఆ హబ్ గాడుల్లో కూర్చుంటాయి. ఒక ఫైబరు, ఒక స్టీలు చొప్పున పేర్చిన ఆ దొంతరను ప్రెషర్ ప్లేటు పైనుంచి అదిమి పట్టుకుంటుంది. దాన్ని అదిమేవి స్ప్రింగులు. ఫైబర్ ప్లేట్లు ఇంజిన్‌తో తిరుగుతాయి, స్టీల్ ప్లేట్లు వెనక చక్రంతో తిరుగుతాయి, రెండూ ఒత్తుకున్నప్పుడు బండి కదులుతుంది.

పట్టడం స్ప్రింగుల పని. వదలడం మాత్రం ప్రత్యేకంగా ఏ భాగం పనీ కాదు. లివరు నొక్కినప్పుడు కేబులూ పుష్ రాడ్డూ కలిసి చేసేది ప్రెషర్ ప్లేటును కొద్దిగా ఎత్తడం వరకే. ఆ తర్వాత ప్లేట్లు వాటంతట అవే, మధ్యలో ఉన్న ఆయిల్ వల్లా తిరుగుడు వల్లా, ఒకదాని నుంచి ఒకటి జరిగి ఎడం కావాలి. ఒక్కో ప్లేటును పట్టి వెనక్కి లాగే ఏర్పాటు మామూలు బళ్ళలో లేదు. అందువల్ల ప్లేట్లు జరగడానికి ఎక్కడ ఏ చిన్న అడ్డు వచ్చినా క్లచ్చు పూర్తిగా వదలదు. వదలని క్లచ్చును బాగు చేయడమంటే ఆ అడ్డు ఎక్కడుందో వెతకడమే తప్ప, పట్టు పెంచే సామాను కొనడం కాదు.

ఆ ఎడం ఎంత చిన్నదో లెక్క వేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఐదు ఫైబర్ ప్లేట్లు, నాలుగు స్టీల్ ప్లేట్లు ఉన్న ఒక క్లచ్చును ఉదాహరణగా తీసుకుందాం. ఒక కొసన హబ్ ముఖం, రెండో కొసన ప్రెషర్ ప్లేటు ముఖం కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి, ఒకదాన్నొకటి తాకే చోట్లు మొత్తం 10. లివరు పూర్తిగా నొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటు 1.5 మి.మీ. ఎత్తు లేస్తుందనుకుంటే, ఒక్కో చోటికి దక్కేది 0.15 మి.మీ. మామూలు కాగితం మందం 0.1 మి.మీ. ఉంటుంది. అంటే క్లచ్చు వదలడమన్నది కాగితం మందానికి కాస్త ఎక్కువైన సందు మీద ఆధారపడిన వ్యవహారం. ఒక్క స్టీల్ ప్లేటు 0.2 మి.మీ. వంకర పోయినా తనకు దక్కవలసిన సందును అదే మింగేస్తుంది.

ఇదే లెక్కను లివరు వైపు నుంచి కూడా చూడవచ్చు. లివరు కొన మొత్తం ప్రయాణం 75 మి.మీ., అందులో మొదట వృథాగా పోయే ఆట 12 మి.మీ. అనుకుంటే, అసలు పనికి మిగిలేది 63. కేబులు సాగి ఆట 25 మి.మీ.కి పెరిగితే మిగిలేది 50 మాత్రమే. ఎత్తులో అయిదో వంతు పోయింది, 1.5 కాస్తా 1.2 మి.మీ.కి వచ్చింది. మామూలు రోడ్డు మీద ఈ తేడా తెలియకపోవచ్చు. కానీ ప్లేట్లలో కొద్దిపాటి వంకర, బాస్కెట్‌లో కొద్దిపాటి గుంట ముందే ఉన్న బండిలో ఈ అయిదో వంతే ఒంటె నడుము విరిచే ఆఖరి గడ్డి పరక అవుతుంది. ఒక్కొక్కటిగా చూస్తే క్షమించదగ్గ మూడు చిన్న లోపాలు కలిసి న్యూట్రల్ పడని బండిని తయారు చేస్తాయి. ఒకే దోషిని వెతికే అలవాటు ఈ జబ్బు విషయంలో దారి తప్పించేది అందుకే.

పొద్దున్నే మొదటి గేరుకు బండి దూకడం వేరే సంగతి. రాత్రంతా స్ప్రింగులు అదిమి ఉంచడం వల్ల ప్లేట్ల మధ్య ఆయిల్ పక్కలకు పోయి, మిగిలిన పలచటి పొర వాటిని అంటించేస్తుంది. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన వారికి దీన్ని విడిగా వివరించనక్కరలేదు. తడిపిన రెండు పలకలను ముఖాముఖి ఆనించి ఎదురెదురుగా లాగితే రావు. ఒకదాని మీద నుంచి మరొకదాన్ని పక్కకు జరిపితే సులువుగా వచ్చేస్తాయి. క్లచ్చు ప్లేట్లదీ అదే తీరు. ఇంజిన్ ఆపి ఉంచి, గేరులో వేసి, లివరు నొక్కి పట్టుకుని బండిని నాలుగైదు సార్లు ముందుకూ వెనక్కూ ఊపితే చక్రం స్టీల్ ప్లేట్లను తిప్పుతుంది, అంటుకున్నవి జరిగి విడిపోతాయి. ఆ తర్వాత న్యూట్రల్‌లో స్టార్టు చేసి ఒకటి రెండు నిమిషాలు వేడెక్కనిస్తే ఆయిల్ పలచబడుతుంది. రోజుకొక్కసారి, అదీ చల్లటి ఇంజిన్‌కు మాత్రమే కనిపించే ఈ లక్షణాన్ని జబ్బుగా లెక్కించి క్లచ్చు విప్పించడం డబ్బు దండగ.

అసలు జబ్బు వేడెక్కిన తర్వాత కూడా ఉంటుంది, కొన్నిసార్లు వేడెక్కిన కొద్దీ ముదురుతుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నేల దాన్ని ముదిరించడానికి కావలసినన్ని అవకాశాలు ఇస్తుంది. పెన్నా ఇసుకలోనో మైపాడు తీరంలోనో చక్రం కూరుకుపోయినప్పుడు బండి ఆగిపోకుండా ఉండటానికి లివరును సగం వదిలి, యాక్సిలరేటర్ తిప్పి లాగించడం అందరూ చేసే పని. ఆ సగం పట్టులో ప్లేట్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి. ఇంజిన్ శక్తిలో పెద్ద భాగం చక్రానికి చేరకుండా అక్కడే వేడిగా మారుతుంది. ఆ వేడిని స్టీల్ ప్లేట్లు మొదట తీసుకుంటాయి, ఎందుకంటే ఫైబర్ కన్నా స్టీలు వేడిని త్వరగా గుంజుకుంటుంది. ఆయిల్ చల్లార్చే వేగం కన్నా వేడి పుట్టే వేగం ఎక్కువైతే ప్లేటు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ వ్యాకోచించి వంకర పోతుంది. విప్పి చూసినప్పుడు స్టీలు మీద నెమలికంఠం రంగు మచ్చలు కనిపిస్తే అది సుమారు 300 డిగ్రీల వేడి చూసిందని అర్థం. రోహిణి కార్తె ఎండలో, గాలి తగలని నెమ్మది వేగంలో, ఇసుకలో అర కిలోమీటరు సగం క్లచ్చు మీద లాగించిన బండికి ఈ మచ్చలు రావడం వింత కాదు. రెండో గేరులో ఊపు చెడకుండా వెళ్ళే వారి బండికీ, అడుగడుగునా క్లచ్చుతో ఈడ్చే వారి బండికీ ప్లేట్లలో తేడా కంటికే కనిపిస్తుంది.

వెలిగొండల వైపు, ఉదయగిరి చుట్టుపక్కల రాళ్ళ బాటల్లో జరిగే నష్టం వేరు. అక్కడ యాక్సిలరేటర్ క్షణక్షణం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. ఒకే సిలిండరున్న ఇంజిన్ పేలుడు పేలుడుకూ బాస్కెట్ వేలు, అంటే రెండు చీలికల మధ్య మిగిలిన గోడ పట్టీ, ఫైబర్ ప్లేటు చెవిని కొడుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఆ దెబ్బ రెండో వైపు నుంచి పడుతుంది. చాలా బళ్ళలో బాస్కెట్ అల్యూమినియందే. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత దాని వేళ్ళ మీద ప్రతి చెవి దగ్గరా ఒక చిన్న గుంట పడుతుంది. ఇక లివరు నొక్కినప్పుడు ప్లేటు పక్కకు జరగాలంటే ఆ గుంట గట్టు దాటి రావాలి. దాటలేక అక్కడే చిక్కుకుంటుంది. వదలని క్లచ్చుకు ఎక్కువగా కారణమయ్యేదీ, షెడ్లలో తక్కువగా పరిశీలించేదీ ఈ గుంటలే. ప్లేట్లు మాత్రమే మార్చి మూత బిగిస్తే, పూర్తి మందంతో ఉన్న కొత్త ప్లేట్ల చెవులు పాత గుంటలకు కాస్త అటూ ఇటూగా కూర్చుని మరింత మొండికేస్తాయి. కొన్ని కేటీఎం పోటీ బళ్ళలో డీడీఎస్ అనే క్లచ్చుకు స్టీలు బాస్కెట్ పెట్టడంలో ఒక లాభం ఈ గుంటలు పడకపోవడం. (వెలిగొండల్లో పెంచలకోన వైపు కొంత అడవి, నల్లమలలో చాలా భాగం రక్షిత ప్రాంతాలు. వాటి లోపలికి అనుమతి లేకుండా బండి తీసుకెళ్ళడం క్లచ్చుకన్నా పెద్ద చిక్కు తెస్తుంది.)

చీమకుర్తి క్వారీ దారుల దుమ్ము గురించి ఒక అపోహ ఉంది. గ్రానైటు దుమ్ము క్లచ్చులోకి దూరి ప్లేట్లను పట్టేస్తుందని చెబుతుంటారు. ఆయిల్ క్లచ్చు మూత వెనక మూసి ఉంటుంది కాబట్టి దుమ్ముకు అక్కడికి దారి లేదు. దుమ్ము వెళ్ళేది కేబులు తొడుగులోకి, లివరు తిరిగే బోల్టు దగ్గరికి, ఇంజిన్ మీద కేబులు లాగే చేయి (క్లచ్చును లోపల కదిపే చిన్న మీట) షాఫ్టు దగ్గరికి. అక్కడ పాత గ్రీజుతో కలిసి ఆకురాయి పొడిలా మారుతుంది. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే బళ్ళలో అదే చోట ఉప్పుగాలి, ఉప్పునీరు పని చేస్తాయి. తొడుగు లోపల తీగ తుప్పు పట్టి, నల్లటి ప్లాస్టిక్ పైపొర మాత్రం కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది. పైకి చూసి కేబులు బాగానే ఉందని చెప్పడం అందుకే సాధ్యం కాదు.

ఈశాన్య రుతుపవనాల కాలం, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మరో సంగతి ఉంది. నెల్లూరు వర్షంలో సింహభాగం అప్పుడే పడుతుంది. వాగులు దాటేటప్పుడు వేడి ఇంజిన్ ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుంటుంది. ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం కొన నీటిలో ఉంటే ఆ నీటినే లోపలికి పీల్చుకుంటుంది. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు మారితే నీరు చేరినట్టే. ఆ ఆయిల్‌తోనే బండిని నెల రోజులు వరండాలో నిలబెడితే స్టీల్ ప్లేట్ల మీద తుప్పు పట్టి, ఫైబర్ దానికి అంటుకుపోతుంది. ఇలా అంటుకున్న ప్లేట్లు ఊపితే రాకపోవచ్చు.

ఆయిల్ విషయంలో రెండు వేర్వేరు తప్పులను కలిపి చూడటం మామూలైపోయింది. కార్ల కోసం చేసిన పలచటి ఇంధన పొదుపు ఆయిల్‌లో రాపిడి తగ్గించే రసాయనాలుంటాయి. అవి క్లచ్చు జారేలా చేస్తాయి, పట్టేసేలా కాదు. ట్రాక్టరు కోసం కొన్న చిక్కటి డీజిల్ ఇంజిన్ ఆయిల్‌నే బండికీ పోయడం పల్లెల్లో ఉన్న అలవాటు. దానివల్ల వచ్చేది రెండో రకం ఇబ్బంది. ఆయిల్ చిక్కనైన కొద్దీ ప్లేట్ల మధ్య నుంచి వదులుగా జరగదు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు క్లచ్చు లాగుతూ ఉంటుంది. జపాన్ వాహన ప్రమాణాల సంస్థ జాసో టీ 903 అనే ప్రమాణంలో మోటారు సైకిల్ ఆయిళ్ళను ఎంఏ, ఎంబీ అని విడదీసింది. 2006లో ఎంఏను మళ్ళీ ఎంఏ1, ఎంఏ2 అని రెండు చేసింది. ఆయిల్‌లో తడిసే క్లచ్చుకు ఎంఏ రకాలు, తడవని క్లచ్చున్న స్కూటర్లకు ఎంబీ. డబ్బా మీద ఈ గుర్తు ఉందో లేదో, చిక్కదనం అంకె బండి పుస్తకంలో రాసినదో కాదో చూడటానికి అర నిమిషం పడుతుంది. లూజుగా అమ్మే ఆయిల్‌లో ఆ అర నిమిషం పరిశీలనకు కూడా అవకాశం లేదు. ఆయిల్ మట్టం గీత దాటి పోసినా చల్లటి ఇంజిన్‌లో ఇదే లాగుడు కనిపిస్తుంది.

కాబట్టి వెతుకులాట బయటి నుంచి లోపలికి సాగాలి. ముందుగా తేల్చుకోవలసింది జబ్బు క్లచ్చుదా, గేరుబాక్సుదా అన్నది. ఇంజిన్ ఆపేసి, బండిని కాస్త ముందుకూ వెనక్కూ కదుపుతూ న్యూట్రల్ వేసి చూడాలి. అప్పుడు సులువుగా పడి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు మాత్రమే మొరాయిస్తే తప్పు క్లచ్చుది. ఇంజిన్ ఆపినా పడకపోతే గేరు మార్చే యంత్రాంగంలో చూడాలి తప్ప క్లచ్చు జోలికి వెళ్ళి ప్రయోజనం లేదు. తర్వాత, ఇంజిన్ బాగా వేడెక్కాక వెనక చక్రం నేలకు తగలకుండా బండిని స్టాండు మీద గట్టిగా నిలిపి, లివరు నొక్కి మొదటి గేరు వేయాలి. చక్రం మెల్లగా తిరగడం సహజమే, ఆయిల్ దాన్ని కొద్దిగా ఈడుస్తుంది. వెనక బ్రేకు తేలిగ్గా తాకిస్తే ఆగి, ఇంజిన్ తడబడకుండా ఉంటే క్లచ్చు వదులుతున్నట్టే. బ్రేకు వేసినా ఆగనని మొండికేసి ఇంజిన్‌ను కుంగదీస్తే వదలడం లేదని రుజువు. తిరిగే చక్రం మీద చేయి వేసి చూడటం షెడ్లలో కనిపించే అలవాటే అయినా చువ్వల చక్రం దగ్గర వేళ్ళు పోగొట్టుకునే దారి అది.

అక్కడి నుంచి లివరు. కొన దగ్గర ఆట చాలా బళ్ళకు 10 నుంచి 20 మి.మీ. మధ్య ఉండాలని పుస్తకాలు చెబుతాయి. కచ్చితమైన అంకె ఆ బండి పుస్తకంలోదే. ఆట ఎక్కువగా ఉంటే ముందు దాన్ని సరిచేసి మళ్ళీ చక్రం పరీక్ష చేయాలి. గణనీయమైన సంఖ్యలో ఫిర్యాదులు ఇక్కడే ముగుస్తాయి. ఆట బొత్తిగా లేకుండా బిగించడం మాత్రం ఒక తప్పును మరో తప్పుతో దిద్దడం. అప్పుడు ప్రెషర్ ప్లేటు ఎప్పుడూ కొద్దిగా లేచే ఉండి, క్లచ్చు జారి, ఆ వేడికి ప్లేట్లు నిజంగానే పాడవుతాయి.

లివరు తిరిగి బయటికి రాకపోవడం, లేదా గరగరమంటూ రావడం వేరే లక్షణం. ఇంజిన్ దగ్గర కేబులు కొన విప్పి, లివరును విడిగా, ఇంజిన్ మీది చేతిని విడిగా కదిపి చూస్తే ఏది బిగిసిందో ఇట్టే తెలుస్తుంది. కేబులు లోపలి తీగలో ఒక్క పోగు తెగినా ఆ కేబులుకు ఇక ఆయిల్ వేయడం అనవసరం. తెగిన పోగు తొడుగులో ముడిపడి లివరును పట్టేస్తుంది, ఎక్కడో కొండ దారిలో మొత్తం తెగుతుంది. పోగులు బాగున్న కేబులుకు పైకొన నుంచి పలచటి ఆయిల్ చుక్కలు వదిలి, కింది కొన నుంచి కారేదాకా ఆగాలి. కొత్త కేబులు వేసేటప్పుడు పాతది పోయిన దారిలోనే తీసుకెళ్ళాలి. హ్యాండిలు అటూ ఇటూ తిప్పినప్పుడు లాగబడినా, పదునైన వంపు తిరిగినా కొత్తదనం ఎన్నాళ్ళో నిలవదు. ఇంజిన్ మీది చేయి షాఫ్టు తుప్పు పట్టి బిగిస్తే దాన్ని తీసి, తుడిచి, గ్రీజు పెట్టడం పావుగంట పని.

విదేశాల నుంచి తెచ్చే చాలా పోటీ బళ్ళలో కేబులు బదులు ద్రవంతో పనిచేసే ఏర్పాటు ఉంటుంది. అందులో గాలి చేరినా ఇదే లక్షణం. ఏ ద్రవం పోయాలో మాస్టర్ సిలిండర్ మూత మీద ఉంటుంది. కొన్నిటికి బ్రేకు ఆయిల్, కొన్నిటికి ఖనిజ తైలం. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే లోపలి రబ్బరు ఉబ్బి చెడిపోతుంది.

బయటి భాగాలన్నీ సరిగా ఉండి, ఆయిల్ మార్చి చూసినా క్లచ్చు వదలకపోతేనే మూత విప్పాలి. ఆయిల్ తీసేయడం శుభ్రమైన పద్ధతి. ఆఫ్‌రోడ్ బళ్ళ వారు పెట్రోలు కారకుండా చూసుకుని బండిని ఎడమ వైపుకు పడుకోబెట్టి, ఆయిల్ తీయకుండానే కుడివైపు క్లచ్చు మూత తీయడం కూడా ఉన్నదే. స్ప్రింగు బోల్టులను ఒక్కసారిగా కాక, ఎదురెదురు వాటిని కొద్దికొద్దిగా వదులు చేయాలి. ప్లేట్లు తీసేటప్పుడు ఏది ఏ వరుసలో, ఏ ముఖం ఎటు ఉందో ఫోనులో ఫోటో తీసుకుంటూ బయటకు పేర్చుకుంటే తర్వాత జ్ఞాపకంతో కుస్తీ పట్టనక్కరలేదు. కొన్ని బళ్ళలో చివరి ఫైబర్ ప్లేటు చెవులు మిగతావాటి చీలికల్లో కాక పక్కనున్న పొట్టి చీలికల్లో కూర్చుంటాయి. లోపలి చివర వంపు తిరిగిన పలచటి స్ప్రింగు రింగు కూడా ఉండవచ్చు. దాని వంపు తారుమారైతే బాగుచేసిన క్లచ్చు మొదటి రోజు నుంచే వణుకుతుంది.

ఫైబర్ ప్లేట్ల మందం వెర్నియర్‌తో కొలిచి, పుస్తకంలోని హద్దుతో పోల్చాలి. మందం హద్దులో ఉండి, నల్లగా మాడకుండా, అద్దంలా నునుపెక్కకుండా ఉంటే వాటిని పారేయడానికి కారణం లేదు. స్టీల్ ప్లేట్లను ఒక్కొక్కటిగా మందపాటి అద్దం మీద పెట్టి, అంచు చుట్టూ సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్ ఆకు దూర్చి చూడాలి. హద్దు బండిని బట్టి మారుతుంది, 0.1 నుంచి 0.3 మి.మీ. దాకా ఉండే అంకె అది. దాటిన ప్లేటును సుత్తితో చదును చేయాలన్న ఆలోచన రాకూడదు. తుప్పు మచ్చలు పైపైన ఉంటే సన్నటి ఎమరీ కాగితంతో పోతాయి, గుంటలు పడితే ప్లేటు మార్చాలి. పుష్ రాడ్డు కొన మేకు తలలా చదునెక్కి ఉంటే అరిగిన మేరకు ఎత్తు తగ్గినట్టే. చక్కటి రాడ్డు గాజు మీద దొర్లిస్తే నిమ్మళంగా దొర్లుతుంది, వంగినది ఎగిరెగిరి పడుతుంది.

ఇక బాస్కెట్ వేళ్ళు, హబ్ గాడులు. గోరుతో వేలి పొడవునా గీస్తూ పోతే గుంట ఉన్నచోట గోరు తగులుకుంటుంది. లోతు తక్కువైతే, సుమారు అర మిల్లీమీటరు లోపు ఉంటే, సన్నటి చదును ఆకురాయితో గట్లను తీసేయవచ్చు. ఆ పని ఓపిక మీద నడుస్తుంది. వేలి ముఖం నిటారుగా, ప్లేటుకు సమానంగా ఉండాలి. ప్రతి వేలికీ అంతే రాయాలి. ఒక వేలిని ఎక్కువ, మరోదాన్ని తక్కువ రాస్తే భారమంతా రెండు మూడు చెవుల మీద పడి అవి విరుగుతాయి. గుంట అడుగు పూర్తిగా పోయేదాకా రాయవలసిన పని లేదు, ప్లేటు జారిపోవడానికి అడ్డుపడే గట్టు పోతే చాలు. రాసిన కొద్దీ చీలిక వెడల్పై చెవికి ఆట పెరుగుతుంది, దెబ్బ బలమవుతుంది, పై గట్టిపూత పోయి మెత్తటి అల్యూమినియం బయటపడుతుంది. అందువల్ల ఆకురాయి పని బాస్కెట్‌కు కొంత కాలం ఆయుష్షు పోసేదే తప్ప కొత్త జన్మ ఇచ్చేది కాదు. ఒకసారి రాసిన బాస్కెట్‌ను రెండోసారి రాయడం కన్నా మార్చడం మేలు. రాసేటప్పుడు బాస్కెట్ బయట ఉంటేనే మంచిది. ఇంజిన్‌లోనే ఉంచి గుడ్డలు కుక్కి రాస్తే ఎంత జాగ్రత్త పడినా అల్యూమినియం పొడి కొంత ఆయిల్‌లో చేరుతుంది.

బాస్కెట్ బయటకు రావాలంటే హబ్ నట్టు విప్పాలి. దానికి హబ్‌ను పట్టి ఉంచే సాధనం ఉంటుంది. గేరు పళ్ళ మధ్య రాగి ముక్కో పాత నాణెమో ఇరికించి విప్పడం పాత మెకానిక్కుల ఉపాయం. ఎన్నోసార్లు ఏమీ కాదు, ఒక్కసారి పన్ను విరిగితే మాత్రం క్లచ్చు పని కాస్తా ఇంజిన్ పనిగా మారుతుంది. నట్టు కింద మడిచిన రేకు వాషరు ఉంటే దాన్ని మళ్ళీ వాడకూడదు. బాస్కెట్‌ను చేతిలో పట్టుకుని వెనకనున్న గేరును అటూ ఇటూ తిప్పి, మధ్యలోని దెబ్బ మింగే స్ప్రింగులు వదులయ్యాయేమో కూడా అప్పుడే చూడాలి. అవి వదులైతే గుంటలు మళ్ళీ త్వరగా పడతాయి.

తిరిగి కూర్చేటప్పుడు కొత్త ఫైబర్ ప్లేట్లయితే ఇంజిన్‌లో పోసే ఆయిల్‌లోనే ముందు రాత్రి నుంచి నానబెట్టాలి. పొడిగా వేస్తే మొదటి కొన్ని నిమిషాల్లోనే మాడే ప్రమాదం ఉంది. స్టీల్ ప్లేట్లకు అచ్చులో కోసినప్పుడు ఒక అంచు గుండ్రంగా, రెండో అంచు పదునుగా వస్తుంది. అన్నిటి గుండ్రటి అంచు ఒకే వైపు ఉండేలా పేర్చితే మంచిది. స్ప్రింగు బోల్టులు సాధారణంగా సన్నవి. అల్యూమినియం మరలో బిగుస్తాయి కాబట్టి చేతి బలం చూపించే చోటు కాదు ఇది. ఎదురెదురుగా కొద్దికొద్దిగా తిప్పుతూ, పుస్తకంలోని అంకెకు టార్క్ పానాతో ముగించాలి. మర పోతే లేత్ షాపు వెతకాల్సిందే. పట్టు బాగుంటుందని గట్టి స్ప్రింగులు వేయించుకునే వారుంటారు. వదలని క్లచ్చుకు వాటివల్ల ఒరిగేది లివరు బరువెక్కడం, కేబులు మరింత సాగడం మాత్రమే.

మూతకు కొత్త గ్యాస్కెట్ వేసి, ఆయిల్ గీత దాకా పోసి, ఆట సరిచేశాక వెనక చక్రం పరీక్ష మొదట చేసినట్టే వేడి ఇంజిన్ మీద మళ్ళీ చేయాలి. కొత్త ప్లేట్లు వేసి ఉంటే మొదటి రెండు వందల కిలోమీటర్లు ఇసుకకూ ఎత్తుకూ తీసుకెళ్ళకుండా ఉండటం మంచిది. ఆ కాలంలో ప్లేట్లు కుదురుకుని లివరు ఆట మారుతుంది కాబట్టి దాన్ని మరోసారి కొలిచి సరిచేయాలి. ఇంత చేసిన తర్వాత కూడా తెల్లవారి మొదటి గేరుకు చిన్న టక్కు వినిపిస్తుంది. అది రాత్రి తడి పలకల సంగతే; నాలుగుసార్లు ఊపితే పోతుంది.